కిటికీకి దుప్పటి కట్టిన ఇల్లు

మా పాపకి నిద్ర పట్టదని ఎవరైనా అంటే నాకు ఒళ్ళు మండేది. పట్టకపోవడమేం, బ్రహ్మాండంగా పట్టేది. కాకపోతే పగలు పట్టేది. పొద్దున్న టిఫిన్ల వేళకి కళ్ళు మూసిందంటే పాలకి తప్ప సాయంత్రం దాకా కదిలేది కాదు. వీధి దీపాలు వెలిగే వేళకి కళ్ళు విప్పి, ఇక తెల్లారేదాకా నా పని పట్టేది.

అప్పుడు మేము భిలాయిలో, క్యాంప్ వన్‌లో ఉండేవాళ్ళం. తొంభైల మధ్యలో మాట. గల్లీలో ఇళ్ళన్నీ ఒకదానికొకటి అంటుకుని ఉండేవి. మా గోడకి మేకు కొడితే పక్కింట్లో సున్నం రాలేది. మాకు రెండే గదులు. ముందుది పడకగదీ, చుట్టాల గదీ, పెట్టెల గదీ అన్నీ అదే. వెనకది వంటిల్లు. మా ఆయన ఉక్కు ప్లాంటులో నీళ్ళ పంపుల దగ్గర పనిచేసేవారు. షిఫ్టు డ్యూటీ. ఒక వారం పొద్దున్న, ఒక వారం మధ్యాహ్నం, ఒక వారం రాత్రి. అక్కడ పుట్టిన పిల్లలకి వారాల పేర్లు రాకముందే షిఫ్టుల పేర్లు వచ్చేసేవి.

నాది విజయనగరం వైపు. తొలి కాన్పుకి పుట్టింటికి వెళ్ళి, పాపకి అయిదో నెల రాగానే తొలకరి వానలకి ముందే భిలాయి తిరిగొచ్చాను. పుట్టింట్లో పాప మీద ఎవరికీ ఏ ఫిర్యాదూ లేదు. మా నాన్నది సైకిళ్ళు బాగుచేసే కొట్టు. ఇల్లు కొట్టు వెనకాలే. పొద్దస్తమానం సుత్తి దెబ్బలు, బెల్లులు, బేరాలు, అరుపులు. అంత గోలలో పాప కాసేపు కునుకు తీసి, కాసేపు అందరి చేతుల్లో తిరిగి, రాత్రయ్యేసరికి మా అమ్మ పక్కలో దుంగలా పడుకునేది. అటువంటి పిల్ల భిలాయి వచ్చిన వారం తిరక్కుండానే తలకిందులైపోయింది.

కారణాలు చెప్పడానికి గల్లీ అంతా సిద్ధంగా ఉండేది. నీళ్ళు మారాయన్నారు. పళ్ళు వస్తున్నాయన్నారు. నా పాలు చాలడం లేదన్నారు, ఆ మాటకి నాకు ఏడుపొచ్చింది. రైల్లో ఎవరి కళ్ళో పడ్డాయన్నారు. మా పక్కింట్లో శ్రీకాకుళం ఆవిడ ఉండేది. వాళ్ళాయన కూడా ప్లాంటే, రిటైరవడానికి దగ్గర పడ్డ మనిషి. ఆవిణ్ణి నేను పిన్నీ అనేదాన్ని, అలా అనడమే కాదు, అలాగే అనుకునేదాన్ని. ఆవిడే వచ్చి ఉప్పూ మిరపకాయలూ తిప్పి దిష్టి తీసేది. వాము నీళ్ళు కాచి చెంచాతో పట్టేది. ఇంగువ అరగదీసి బొడ్డు చుట్టూ రాసేది. నూనె మర్దన చేసే ఛత్తీస్‌గఢీ బాయిని కూడా ఆవిడే కుదిర్చింది. ఆ బాయి చేతుల్లో పాప కిలకిలా నవ్వేది, స్నానమయ్యాక హాయిగా నిద్రపోయేది. అదీ పగలే.

ఇక ఆ పగటి నిద్ర సంగతి చెప్పాలంటే మా గల్లీ ఆచారం ఒకటి చెప్పాలి. నైట్ డ్యూటీ చేసి వచ్చిన మనిషి పడుకుంటే ఆ ఇంటి వీధి కిటికీకి దుప్పటి కట్టేవాళ్ళు. లోపల చీకటి కోసమని ఎవరో మొదలుపెట్టి ఉంటారు. పోనుపోనూ అదే గుర్తయిపోయింది. దుప్పటి కనిపిస్తే చాలు, పిల్లలు బ్యాటూ బంతీ పట్టుకుని అవతలి గల్లీకి వెళ్ళిపోయేవాళ్ళు. స్కూటరు ఉన్నవాళ్ళు దాన్ని నెట్టుకుంటూ మలుపు దాకా వెళ్ళి అక్కడ స్టార్టు చేసేవాళ్ళు. ఆకుకూరల గంప నెత్తిన పెట్టుకొచ్చే ఆవిడ రెండిళ్ళ ముందే కేక ఆపేసి, మా గుమ్మం దగ్గరికొచ్చి గుసగుసగా "దీదీ, లాల్ భాజీ" అనేది. ఆంధ్రా వాళ్ళు, బీహారు వాళ్ళు, కేరళ వాళ్ళు, నీళ్ళ కుళాయి దగ్గర ఒకళ్ళ నొకళ్ళు ఎన్ని తిట్టుకున్నా ఆ దుప్పటి మర్యాద మాత్రం ఎవరూ తప్పేవాళ్ళు కాదు. ఇవాళ ఈ ఇంటి మగవాడు, రేపు మన ఇంటి మగవాడు.

నేను ఆ మర్యాదని ఇంకాస్త ముదరబెట్టాను. కొత్త కాపురం కదా, భక్తి ఎక్కువ. మందపాటి దుప్పటి మడత పెట్టి కట్టి, పక్కల్లోంచి వెలుతురు వస్తోందని గుడ్డ పేలికలు కుక్కేదాన్ని. కుక్కరు కూత వేస్తుందని గిన్నెలోనే అన్నం వార్చేదాన్ని. గిన్నెలు కడిగేటప్పుడు కింద గోనెసంచి పరిచేదాన్ని. గాజులు గలగలమనకుండా మోచేతి దాకా తోసుకునేదాన్ని. తుమ్ము వస్తే పెరట్లోకి పరిగెత్తేదాన్ని. పాపని ఎక్కడ పడుకోబెట్టను? వంటింట్లో కిరసనాయిలు స్టవ్వు కంపు. అందుకని ముందుగదిలోనే, ఆయన మంచం పక్కనే, చీర ఉయ్యాలలో వేసేదాన్ని. చీకట్లో తండ్రీ కూతుళ్ళిద్దరూ నిద్రపోతుంటే గుమ్మంలో నిలబడి చూసేదాన్ని. నా వాళ్ళిద్దరినీ ఎంత చక్కగా చూసుకుంటున్నానో అని నాకు గర్వంగా ఉండేది.

నైట్ డ్యూటీ మూడు వారాలకోసారి రావాలి. నేను వచ్చిన వారం ఆయన వంతు నైట్లే, ఆ తర్వాత కూడా నైట్లు తప్ప ఇంకేమీ పడలేదు. అడిగితే మొహం వేలాడేసి చెప్పారు.

"మనుషుల్లేరు. ఒకడు ఊరెళ్ళినాడు, ఇంకోడికి ఒంట్లో బాగోలేదు. సాహెబ్ నన్నే వేస్తున్నాడు, నా చేతిలో ఏటుంది?"

ఆ సాహెబ్‌ని నేను ఎప్పుడూ చూడలేదు. పేరు కూడా తెలియదు. అయినా రోజూ గిన్నెలు తోముతూ ఆయన్ని తిట్టేదాన్ని. నీ ఇంట్లో పసిపిల్లలు లేరా, నీ పెళ్ళాం ఇలాగే ఒంటరిగా చస్తే తెలిసేది, అని గొంతు పైకి రాకుండా తిట్టేదాన్ని. పాపం ఆ పెద్దమనిషికి అన్నం తినేటప్పుడల్లా ఎన్నిసార్లు పొలమారిందో. వారానికి ఒక్క ఆఫ్ వచ్చేది. ఆ రోజు ఈయన చరోదాలో రైల్వే కాలనీలో ఉన్న వాళ్ళన్నగారింటికి వెళ్ళేవారు. వెళ్ళారంటే వాన పట్టుకుందనో, పొద్దుపోయిందనో, వదినగారు వెళ్ళనివ్వలేదనో ఆ రాత్రికి అక్కడే ఉండిపోయేవారు. దానికీ నేను ఏమీ అనుకోలేదు. వారమంతా నైట్లు చేసే మనిషి, ఒక్క రాత్రయినా హాయిగా పడుకోనీ అనుకున్నాను. పెరుగు మీద మీగడ ఆయనకే వేసేదాన్ని. తలకి నూనె పెట్టేదాన్ని.

నా సంగతి అడగద్దు. రాత్రంతా పాపని భుజాన వేసుకుని గోడకీ గోడకీ మధ్య తిరగడం, పగలంతా చప్పుడు చెయ్యకుండా చాకిరీ. పాప పడుకున్నప్పుడు నువ్వూ పడుకోవచ్చు కదా అని ఈ కాలం వాళ్ళు అంటారు. ఆయన లేచేసరికి వంట కావాలి, గుడ్డలు ఆరాలి, నీళ్ళొచ్చే వేళకి కుళాయి దగ్గర ఉండాలి. చారులో ఉప్పుకి బదులు పంచదార వేశాను. మాట్లాడుతూ మాట్లాడుతూ నిద్రపోయేదాన్ని. ఒకరోజు మధ్యాహ్నం వంటింట్లో గోడకి చేరబడి పాలిస్తూ తూలిపోయాను. పాప నా ఒళ్ళోంచి జారి, స్టవ్వు పక్కన ఉన్న పీట అంచు దాకా పోయింది. స్టవ్వు మీద పప్పు ఉడుకుతోంది. పాపకి ఏమీ కాలేదు, ఏడవను కూడా లేదు. నేను మాత్రం స్టవ్వు ఆర్పేసి, పాపని ఎత్తుకుని పెరట్లోకి వెళ్ళిపోయాను. ఆ రోజు నుంచి నాకు ఒకటే భయం. ఈ నిద్రమత్తులో ఏదో ఒకనాడు నా పిల్లని నేనే చంపుకుంటాను.

ఆయన లేవగానే చెప్పాను. జరిగింది జరిగినట్టు చెప్పి, ఏడ్చాను.

"ఒక్క వారం, ఒక్కటంటే ఒక్క వారం పొద్దుటి షిఫ్టు వేయించుకోండి. రాత్రి కాసేపు మీరు ఎత్తుకుంటే నేను నడుం వాలుస్తాను. మీ సాహెబ్ కాళ్ళు పట్టుకోమన్నా పట్టుకుంటాను."

ఆయన పాపని ఎత్తుకుని, నా తల నిమిరి, "అడుగుతాను" అన్నారు. మర్నాడు పొద్దున్న వచ్చి సైకిలు నిలబెడుతూనే తల అడ్డంగా ఊపారు.

"అడిగినాను. ఒప్పుకోలేదు. ఈ నెలంతా కుదరదన్నాడు."

అంత నిజాయితీగా, అంత దిగులుగా చెప్పారు. నేనే ఓదార్చాను. పోనీలెండి, మీరు మాత్రం ఏం చేస్తారు, అని వేడినీళ్ళు తోడాను.

శ్రావణ శుక్రవారం నాడు, సెక్టార్‌లో ప్లాంటు క్వార్టరులో ఉండే ఒకావిడ పేరంటానికి పిలిచింది. వాళ్ళాయనా మా ఆయనా ఒకే పంప్‌హౌస్‌లో పనిచేసేవారు. ఆవిడది కూడా మా వైపే, బొబ్బిలి దగ్గర. నాకన్నా చిన్నది. నన్ను వదినా అనేది, మా ఆయన్ని అన్నయ్యగారు అనేది. ఆయన్ని నిద్రలేపకూడదని, పాపని చంకనేసుకుని పిన్నితో కలిసి మధ్యాహ్నమే వెళ్ళాను.

నన్ను పీట మీద కూర్చోబెట్టి, ఆవిడ కింద కూర్చుని నా పాదాలు ముందుకు లాక్కుని పసుపు రాయడం మొదలుపెట్టింది. పిన్ని పక్కనే శనగలు నవులుతోంది. అప్పటికే ఒంట్లో ఓపిక లేక, ఎవరో నా కాళ్ళు ముట్టుకుంటేనే ప్రాణానికి సుఖంగా ఉండి, కళ్ళు మూతలు పడుతున్నాయి. ఆవిడ పసుపు రాస్తూ తలెత్తి నన్ను చూసి అంది:

"వదినా, నీ రుణం తీర్చుకోలేను. మా ఆయనకి నైట్లు పడవు, కళ్ళు మంటలు, కడుపులో మంట. నువ్వు పెద్ద మనసు చేసినావు కాబట్టి ఈ మూడు నెలలు సుఖపడ్డాడు."

నాకు అర్థం కాలేదు. "నేనేం చేశానమ్మా?" అన్నాను.

"ఏటి చేసినావంటావేటి? అన్నయ్యగారిని నైట్లకి పంపించడం లేదేటి? మా ఆయన నైట్లే కాదు, కేరళాయన నైట్లు కూడా అన్నయ్యగారే చేస్తన్నారు కదా. తన పొద్దుటివీ మజ్జానానివీ వాళ్ళకి ఇచ్చీసినారు. తనంతట తనే వచ్చి అడిగినారట. ఇంట్లో పసిగుంట ఉన్నాది కదా, మీ ఆవిడ ఏటంటాదో అని మా ఆయన అంటే, 'ఆవిడే వెళ్ళమంటన్నాది, రాత్రుళ్ళు గుంట నిద్రపోనివ్వదు, మీకు డ్యూటీకి ఇబ్బంది అంటన్నాది' అన్నారట. ఎంతమంది పెళ్ళాలు అలాగంటారు వదినా?"

నా పాదాలు ఆవిడ చేతుల్లో ఉన్నాయి. ఒక పాదానికి పసుపు అయింది, రెండోది సగంలో ఉంది. పేరంటంలో కాళ్ళు వెనక్కి లాక్కోకూడదు. చుట్టూ పదిమంది ఆడవాళ్ళు, అందరూ నన్ను మెచ్చుకోలుగా చూస్తున్నారు. ఎవరో "భాగ్యవంతుడు మీ ఆయన" అన్నారు. నేను నవ్వాను. నవ్వే దారి తప్ప వేరే దారి లేదు. ఆవిడ రెండో పాదం పూర్తి చేసి, గంధం రాసి, బొట్టు పెట్టి, తాంబూలం ఇచ్చి, నా కాళ్ళకి దణ్ణం పెట్టింది. దీర్ఘసుమంగళీభవ అని నా నోరు దీవించింది. మనసు ఏమందో ఇక్కడ రాయను.

అప్పుడు పిన్ని వైపు చూశాను. పిన్ని నా వైపు చూడలేదు. శనగలు లెక్కపెడుతున్నట్టు దోసిట్లోకే చూస్తోంది. ఆ చూపుతోనే నాకు తెలిసిపోయింది.

బయటికొచ్చి రోడ్డెక్కాక అడిగాను, "నీకు తెలుసా పిన్నీ?"

"మా ఆయన అన్నాడమ్మా ఎప్పుడో."

"మరి నాకెందుకు చెప్పలేదు?"

"చెప్పి నేనేటి బాగుపడతాను? మొగుడూ పెళ్ళాల మధ్యన నిప్పు పెట్టినానంటారు. మగవాళ్ళు అంతేనమ్మా, గుంట ఏడుస్తుంటే ఉండలేరు. మా ఆయన మటుకు? మా పెద్దోడు పుట్టినప్పుడు ఆర్నెల్లు ఓవర్‌టైమని చెప్పి..."

మిగతాది నేను వినలేదు. మూడు నెలలుగా నా పిల్లకి దిష్టి తీస్తూ, వాము నీళ్ళు పడుతూ, అయ్యో పాపం తల్లీ అంటూ వచ్చిన మనిషి. సాహెబ్‌ని నేను తిట్టినప్పుడల్లా పక్కన కూర్చుని తలూపిన మనిషి. ఒక్కసారి కూడా, ఆ సాహెబ్ తప్పేమీ లేదే పిచ్చిదానా, అనలేదు. దారంతా ఆవిడ మాట్లాడుతూనే ఉంది. నేను పాపని రెండో భుజానికి మార్చుకుని ఒక అడుగు ముందు నడిచాను.

ఇంటికొచ్చేసరికి ఆయన లేచి, గెడ్డం గీసుకుని, డ్యూటీకి తయారవుతున్నారు. కిటికీకి దుప్పటి అలాగే ఉంది. నేను పాపని ఉయ్యాలలో వేసి, ఆయన ఎదురుగా నిలబడ్డాను.

"మీకు నైట్లు ఎవరు వేస్తున్నారండీ?"

"సాహెబ్. ఎన్నిసార్లు చెప్పాల?"

"ఇవాళ పసుపు ఎవరింట్లో రాయించుకుని వచ్చానో తెలుసా?"

ఆయన నా పాదాలకేసి చూశారు. టిఫిన్ డబ్బా మూత పెడుతున్న చెయ్యి ఆగిపోయింది. నేను ఆయన నోట ఏదో ఒక మాట కోసం ఎదురు చూశాను. తప్పయింది అంటారేమోనని, కనీసం నా పేరు పెట్టి పిలుస్తారేమోనని.

"ఎవరు చెప్పినారు?" అన్నారు.

అదీ మొదటి మాట. నా కడుపులో అప్పటిదాకా ఏదో ఒక మూల మిగిలి ఉన్న మెత్తదనం ఆ మాటతో గడ్డకట్టుకుపోయింది.

"ఎవరు చెబితే ఏం? నేనే మిమ్మల్ని వెళ్ళమన్నానట కదా. ఎప్పుడన్నానండీ? ఒక్క వారం ఇంట్లో ఉండమని ఏడ్చిందెవరు? సాహెబ్‌ని అడిగానన్నారే, ఏమని అడిగారు?"

"అది కాదు. నిద్ర లేకపోతే మనిషి డ్యూటీ ఎలా చేస్తాడు చెప్పు? ఒకటా రెండా, అన్ని పంపులు చూసుకోవాల."

"నేనెలా చేస్తున్నాను?"

"నువ్వు ఇంట్లోనే ఉంటావు కదా."

ఆ గదిలో, ఆ చీకట్లో, లోపలికి వస్తూనే అలవాటుగా మోచేతి దాకా తోసుకున్న గాజులతో నిలబడి ఆ మాట విన్నాను. గాజులు కిందికి జార్చుకున్నాను. గలగలమన్నాయి. ఉయ్యాలలో పాప ఉలిక్కిపడింది.

"ఒక్క మాట అడిగితే నేనే పంపేదాన్ని," అన్నాను. "నాకు నిద్ర చాలడం లేదు, కొన్నాళ్ళు నైట్లకి వెళ్ళొస్తాను అని ఒక్కసారి నోరు తెరిచి చెబితే, వెళ్ళిరండి అనేదాన్ని."

"అడిగితే ఒప్పుకుందువేటి?"

ఒప్పుకునేదాన్ని. ఈ రోజుకీ ఒట్టేసి చెబుతాను. కాస్త గొణిగి, కాస్త ఏడ్చి, ఒప్పుకునేదాన్ని. నైట్లకి వెళ్ళినందుకు కాదు నాకు మండింది. అంత దిగులు మొహం పెట్టుకుని వచ్చి నా చేత వేడినీళ్ళు తోడించుకున్నందుకు. నేను అనని మాట నా నోట్లో పెట్టి, ఊళ్ళో నన్ను మహాతల్లిని చేసినందుకు. స్టవ్వు పక్కన పాప జారిపోయిందని చెప్పిన తర్వాత కూడా, తల నిమిరి, వెళ్ళి, మర్నాడు అబద్ధంతో తిరిగొచ్చినందుకు. నాకున్న జాలంతా ఆయన మీదే ఖర్చుపెట్టేశాను, నాకోసం చెంచాడు కూడా మిగుల్చుకోలేదు.

"డ్యూటీకి టైమవుతున్నాది," అని ఆయన సైకిలు తీశారు.

మర్నాడు పొద్దున్న వచ్చి, ఏమీ జరగనట్టు స్నానం చేసి, తిని, మంచమెక్కారు. నేను వెళ్ళి కిటికీ దుప్పటి లాగేశాను. గుడ్డ పేలికలన్నీ ఊడబెరికి, తలుపులు బార్లా తీశాను. గదిలోకి ఎండ పడింది. మూడు నెలల్లో ఆ గదికి అంత ఎండ రావడం అదే మొదలు. మూలల్లో అంత దుమ్ముందని కూడా నాకు తెలియదు. అటక మీది కుక్కరు దించి పప్పు పెట్టాను. అది వేసిన కూతకి ఆయన మంచం మీద లేచి కూర్చున్నారు.

"ఏటిది?"

"పగలండీ," అన్నాను.

ఆయన దిండు చెవుల మీద నొక్కుకుని గోడవైపు తిరిగిపోయారు. దుప్పటి లేని కిటికీ చూసి గల్లీ పిల్లలకి ధైర్యం వచ్చింది. బ్యాటూ బంతీ మా గుమ్మంలోకే వచ్చేశాయి. ఆకుకూరల ఆవిడ వాడకట్టంతా వినబడేలా కేక వేసి, పాపని చూసి ఆశ్చర్యపోయింది. "అరే, లయికా జాగత్ హే!" అంది. అవును, పిల్ల మేలుకునే ఉంది. గుమ్మంలో చాప మీద వేస్తే వచ్చేపోయే కాళ్ళని చూస్తూ, కుక్కరు కూత వేసినప్పుడల్లా ఉలిక్కిపడి, మళ్ళీ నవ్వుతూ. మధ్యలో కాసేపు అక్కడే, ఆ గోలలోనే, కునుకు తీసింది. పిన్ని వాళ్ళ గుమ్మంలోంచి తొంగిచూసింది. "మీ ఆయన పడుకోడేటే?" అని అడిగింది. నేను మినప్పప్పు రుబ్బుతున్నాను, రోటి చప్పుడులో వినబడనట్టు ఊరుకున్నాను.

పాప కోసమని నేను ఇదంతా చెయ్యలేదు. ఒట్టి కోపంతో చేశాను. కోపం ఒక రోజుతో తీరేది కాదు కాబట్టి రోజూ చేశాను. రెండు మూడు రోజులు పాప అటూ ఇటూ కాకుండా సతాయించింది. ఆ తర్వాత ఒక సాయంత్రం, నేను వీపు తడుతూ ఉండగానే, మొహం నా మెడలో పెట్టుకుని నిద్రపోయింది. భయపడి ముక్కు దగ్గర వేలు పెట్టి చూశాను. ఊపిరి నిదానంగా వస్తోంది. నేను మళ్ళీ కళ్ళు తెరిచేసరికి కిటికీలోంచి వెలుతురు పడుతోంది, కుళాయి దగ్గర బిందెల చప్పుడవుతోంది. పాప నా పక్కలోనే, రాత్రి పెట్టినచోటే ఉంది.

ఎంతసేపు కూర్చుండిపోయానో. అప్పుడు బుర్రకెక్కింది. పగలంతా చీకటి చేసి, చప్పుడు లేకుండా చేసి, ఇది రాత్రి అని పాపకి నేర్పింది ఆ ఇల్లే. నీళ్ళు మారడమూ కాదు, దిష్టీ కాదు, నా పాలు చాలకపోవడమూ కాదు. మొగుడి నిద్ర కోసం నేను అంత శ్రద్ధగా కట్టిన చీకటి నా పిల్ల రాత్రుల్ని తినేసింది. ఆ రాత్రుల నుంచి పారిపోవడానికే ఆయన నైట్లు వేయించుకున్నారు. ఆయన నైట్లు చేస్తున్నారు కదా అని నేను చీకటి కట్టాను. నవ్వొచ్చింది. నవ్వుతూనే ఏడ్చాను, గట్టిగా, గాజులు గలగలలాడేలా కళ్ళు తుడుచుకుంటూ.

ఆయన డ్యూటీ నుంచి వచ్చారు. పగటి నిద్ర లేక కళ్ళు లోపలికి పోయి ఉన్నాయి. గొడవ అయిన దగ్గర్నుంచి కొత్తగా ఒక మర్యాద పట్టుకున్నారు, రాగానే పాప గురించి అడగడం. అంతకుముందు మూడు నెలల్లో ఒక్కరోజూ అడగలేదు. పగలు మేలుకునే పిల్ల రాత్రి ఏం చేస్తుందో ఆయనకి తట్టలేదు. పగలూ రాత్రీ రెండు పూటలా ఏడుస్తోందనే అనుకున్నారు.

చెప్పులు విప్పుతూ, "రాత్రి పడుకున్నాదేటి?" అన్నారు. నేను ఏమంటానో అని మొహంలోకి చూసి, కాస్త బుజ్జగిస్తున్నట్టు గొంతు తగ్గించి అన్నారు: "గుంట రాత్రుళ్ళు పడుకోడం మొదలెట్టినాక చెప్పు. మళ్ళీ ఎప్పటిలాగ షిఫ్టులు మార్పించుకుంటాను. ఇంట్లోనే ఉంటాను."

మొదలెట్టాక. అంటే, నేను ఒక్కదాన్నే ఎలాగో ఒకలాగ నిద్రపుచ్చాక, అప్పుడు వస్తారు, ఆ నిద్రపోయే ఇంట్లోకి. వంటింట్లో పాప చాప మీద బోర్లా పడి, చెంచా నేలకేసి కొట్టుకుంటోంది. రాత్రంతా కమ్మగా నిద్రపోయిన పిల్ల మొహం ఎలా ఉంటుందో అలా ఉంది. ఆయన ఒకసారి తొంగిచూస్తే తెలిసిపోయేది. చూడలేదు.

"లేదండీ," అన్నాను. "రాత్రి రెప్ప వేస్తే ఒట్టు."

పెళ్ళయ్యాక ఆయనతో నేను ఆడిన మొదటి అబద్ధం అదే. ఆయన వెంటనే నమ్మేశారు. నేనూ అలాగే నమ్మేదాన్ని.